డైఇథైల్‌కార్బమజీన్: ఈ మాటను ఎక్కడ విరవాలి, ఎలా పలకాలి?

ప్రశ్న (తెలుగు ఉపాధ్యాయిని, గోదావరి డెల్టా)

అందరికీ నమస్కారం. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. బోదకాలు నివారణ మాత్రలు పంచే రోజు దగ్గర పడినప్పుడు, ఉదయం ప్రార్థన అయ్యాక పిల్లలకు ఆ మాత్రల గురించి నాలుగు మాటలు చెప్పే పనిని మా ప్రధానోపాధ్యాయులు నాకు అప్పగించారు. ఆ మందును మా ప్రాంతంలో అందరూ ‘డీఈసీ మాత్ర’ అనే అంటారు. నేనూ అదే అన్నాను. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, “డీఈసీ అంటే పూర్తి పేరేంటండీ?” అని అడిగింది.

వరండా గోడకు అంటించిన పత్రికలో ఆ పేరు ఉంది కదా అని అటు తిరిగి చదవబోయాను. ‘డైఇథైల్కార్బమజైన్’ అని ఎక్కడా ఎడం లేకుండా అచ్చయి ఉంది. నేను ‘డైథైల్ కార్బ మాజిన్’ అని చదివాను. పక్కనే ఉన్న ఏఎన్ఎం గారు ‘డైయిథైల్ కార్బమజైన్’ అన్నారు. మా సైన్సు మాస్టారు చివర ‘జీన్’ అని పలికారు. పిల్లలు మా ముగ్గురి ముఖాలూ చూస్తూ నిలబడ్డారు.

ఎంత పొడుగు సంస్కృత సమాసమైనా విగ్రహవాక్యం తెలిస్తే ఎక్కడ ఆగాలో నాలుకకు దానంతట అదే తెలుస్తుందని పిల్లలకు నేనే చెబుతుంటాను. ఈ మాట కూడా సమాసమేనని చూడగానే తెలుస్తున్నది గాని, అందులో ఏ పదం ఎక్కడ ముగిసి ఏది ఎక్కడ మొదలవుతున్నదో తెలియక తప్పు పలికాను. ఇందులో పలకవలసిన అక్షరాలు ఎన్ని? విరుపు ఎక్కడ? చివర జైనా, జీనా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు. ఆ అమ్మాయికి నేను ఇంకా జవాబు బాకీ ఉన్నాను.

జవాబు 1 (విశ్రాంత ఫార్మసిస్టు, శ్రీకాకుళం జిల్లా)

అమ్మా, నమస్కారం. ముందు నేరుగా జవాబు చెప్పి, తరువాత కారణాలకు వస్తాను. ఈ మాటలో పలకవలసిన ముక్కలు ఏడు: డై – ఇ – థైల్ – కార్ – బ – మ – జీన్. చివర జీన్ అనడమే సరైనది. జైన్ అని మన దగ్గర చాలామంది అంటారు, నేనూ ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాగే అనేవాణ్ణి.

మీరు తప్పు చదవడానికి ఆ గోడపత్రికలోని అచ్చే కారణమని నాకు అనిపిస్తున్నది. ‘ల్కా’ అనే అక్షరాన్ని ఒకసారి నిదానంగా చూడండి. లకారం పైన పెద్దదిగా ఉంటుంది, దీర్ఘం దానికే తగులుకొని ఉంటుంది, కకారం ఒత్తుగా కిందికి దిగిపోతుంది. కనుక గబగబా చదివే కంటికి ముందు ‘లా’ కనబడి, ఆ తరువాత క తెలుస్తుంది. ‘ర్బ’ కూడా అంతే. నోటికి మాత్రం ల్ అనేది వెనుక ఉన్న థైకి చేరి ‘థైల్’ అవుతుంది, ర్ వెనుక ఉన్న కాకు చేరి ‘కార్’ అవుతుంది. అంటే సంయుక్తాక్షరాన్ని మన లిపి తరువాత వచ్చే అచ్చుతో కలిపి ఒక్క అక్షరంగా రాస్తుంది గాని, పలికేటప్పుడు అది మధ్యకు చీలి సగం వెనక్కి పోతుంది. ‘కర్మ’ అనే మాటను మనం క–ర్మ అని రాస్తున్నా కర్–మ అనే పలుకుతాం కదా, ఇదీ అదే. పుట్టినప్పటి నుంచి వింటున్న మాటల్లో ఈ చీలిక మనకు తెలియకుండానే జరిగిపోతుంది; ఎన్నడూ వినని మాటలో ఒత్తు దగ్గరే నాలుక తట్టుకుంటుంది. అందువల్ల మందుల పేర్లను నల్లబల్ల మీద రాసేటప్పుడు ఒత్తు పెట్టకుండా పొల్లుతో విడిగా రాయండి. థైల్ అని ఆపి, పక్కన కార్ అని రాస్తే పిల్లవాడు ఎక్కడా తడబడడు.

రెండో మాట. పొడుగు పేరును ముందు నుంచి కాక చివరి నుంచి నేర్పండి. జీన్. మజీన్. బమజీన్. కార్బమజీన్. థైల్‌కార్బమజీన్. ఇథైల్‌కార్బమజీన్. డైఇథైల్‌కార్బమజీన్. ఇలా వెనుక నుంచి ఒక్కొక్క ముక్క తగిలిస్తూ పోతే, ప్రతిసారీ నోరు తెలియని చోటు నుంచి తెలిసిన చోటికి వెళుతుంది గనుక మాట మధ్యలో ఆగిపోదు. ముందు నుంచి మొదలుపెడితే మొదటి మూడు ముక్కలు గట్టిగా వచ్చి, తోక నలిగిపోతుంది. మందుల పేర్లలో తోక నలగడం చాలా ప్రమాదం.

ఎందుకు ప్రమాదమో నా అనుభవం ఒకటి చెబుతాను. ఒకప్పుడు నేను పనిచేసిన చోట, ఒకాయన ఇంటి నుంచి ఫోను చేసి చీటీ మీది మందు పేరు చదువుతూ మొదటి భాగం మింగేసి ‘కార్బమజ...’ అని ఆగిపోయాడు. మా సహాయకుడు అంతవరకే విని కార్బమజెపీన్ పట్టీ తీసి కవరులో పెట్టాడు. అది మూర్ఛకు ఇచ్చే మందు, నరాల పోటుకూ ఇస్తారు. ఆయనకు కావలసింది బోదకాలు మందు. రెండూ 100 మిల్లీగ్రాముల మాత్రల్లో వస్తాయి గనుక అంకె చూసినా తేడా పట్టుబడలేదు. కవరు మూసే ముందు పట్టీ వెనుక పేరు చివరిదాకా చదవడం నాకు అలవాటు కాబట్టి ఆగింది. ఆ రోజు నుంచి నా కింద పనిచేసిన ప్రతి కుర్రవాడితోనూ ఈ రెండు పేర్లనూ చివరి నుంచి పలికించాను.

ఇప్పుడు ఈ అవసరం ఇంకా పెరిగింది. వైద్యులు మందులను జనరిక్ పేరుతో, చదవడానికి వీలుగా రాయాలని భారత వైద్య మండలి 2016లో తన నియమాలను సవరించింది. జనఔషధి కేంద్రానికి వెళ్ళినవారు అడగవలసింది కూడా ఆ పేరే. రెండక్షరాల బ్రాండు పేర్లతో ఇన్నాళ్ళూ గడిచిపోయిన నోళ్ళకు ఈ పొడుగు మాటలు కొత్త.

పిల్లలకు చెప్పేటప్పుడు మోతాదు కూడా చెప్పండి. సామూహిక పంపిణీలో 2 నుంచి 5 ఏళ్ళ వారికి 100 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, 6 నుంచి 14 ఏళ్ళ వారికి రెండు, 15 దాటినవారికి మూడు ఇస్తారు. రెండేళ్ళ లోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి ఇవ్వరు. పరగడుపున వేసుకోకూడదు.

జవాబు 2 (రసాయనశాస్త్ర అధ్యాపకుడు, వరంగల్)

ఉపాధ్యాయిని గారికి నమస్కారం. ఫార్మసిస్టు గారు నోటికి తగిన విరుపు చెప్పారు. మీరు అడిగిన విగ్రహవాక్యం ఇంకా మిగిలి ఉంది కనుక అది నేను చెబుతాను. ఈ మాటను రెండుసార్లు విరవాలి, ఒకసారి పలకడానికి, ఒకసారి అర్థానికి. ఆ రెండు విరుపులూ ఒకే చోట పడవు.

అర్థాన్ని బట్టి విరిస్తే: డై + ఇథైల్ + కార్బమ్ + అజీన్.

డై అంటే రెండు. గ్రీకు నుంచి వచ్చింది, మన ‘ద్వి’కి చుట్టమే. ఇథైల్ అంటే రెండు కర్బన పరమాణువులున్న ఒక చిన్న గుంపు. ఈథర్ అనే మాటలోని మొదటి భాగమే ఇందులోకి వచ్చింది. కార్బమ్ అన్నది కార్బానిక్ ఆమ్లంలోని ‘కార్బ్’కు అమైడ్‌లోని ‘అమ్’ చేరగా ఏర్పడినది. ఆ కార్బ్‌కు మూలమైన లాటిన్ మాటకు అర్థం బొగ్గు. అజీన్ అన్నది నత్రజని ఉన్న ఆరు పరమాణువుల వలయాన్ని తెలిపే తోక. ‘అజ్’ అన్నది నత్రజనికి ఫ్రెంచి రసాయనవేత్త లవోయిజర్ వాడిన ‘అజోట్’ అనే పేరు నుంచి వచ్చింది. ప్రాణాన్ని నిలపనిది అని దాని భావం. మొదటి ‘అ’ మన నఞ్ తత్పురుషంలోని ‘అ’ వంటిదే.

ఇక విగ్రహవాక్యం చెప్పవచ్చు: రెండు ఇథైల్ గుంపులు తగిలిన కార్బమ్ భాగాన్ని మోస్తున్న నత్రజని వలయం. నిజానికి ఆ వలయానికి రెండో వైపు ఒక మిథైల్ గుంపు కూడా ఉంది గాని, దానికి పేరులో చోటు దొరకలేదు.

ఆ వలయం అసలు పేరు పిపరజీన్. మందు పేరులోకి వచ్చేసరికి ముందరి ‘పిపర్’ రాలిపోయి ‘అజీన్’ మిగిలింది. పిపరజీన్‌కు ఆ పేరు పిపరిడీన్ అనే మరో పదార్థంతో ఉన్న పోలిక వల్ల వచ్చింది, పిపరిడీన్‌కు మిరియాలలో ఉండే పిపరీన్ వల్ల వచ్చింది, మిరియానికి లాటిన్‌లో ఉన్న ‘పిపర్’ అనే పేరు మన ‘పిప్పలి’ నుంచి వెళ్ళింది. ఇది మీ ప్రశ్నకు కొంచెం పక్కకు వెళ్ళినట్టే గాని, తెలుగు తరగతిలో చెప్పుకోదగినదని రాశాను.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. పలికేటప్పుడు మనం ‘బ – మ – జీన్’ అంటున్నాము. ఆ మధ్యనున్న ‘మ’ ఏ పదానిది? దానిలోని హల్లు ‘మ్’ కార్బమ్‌ది, దానిలోని అచ్చు ‘అ’ అజీన్‌ది. హల్లుతో ముగిసే మాట పక్కన అచ్చుతో మొదలయ్యే మాట చేరగానే రెండూ ఒక అక్షరంలో కలిసిపోయాయి. మీరు గోడ మీద వెతికిన అతుకు రెండు అక్షరాల మధ్య లేదు, ఒక్క అక్షరం కడుపులో ఉంది. అందుకే అది కంటికి దొరకలేదు.

ఫార్మసిస్టు గారు చెప్పిన కార్బమజెపీన్‌ను కూడా ఇలాగే విరవండి: కార్బమ్ + అజెపీన్. అజెపీన్ అంటే నత్రజని ఉన్న ఏడు పరమాణువుల వలయం. అందులోని ‘ఎప్’ గ్రీకులో ఏడుకు పేరైన ‘హెప్టా’ నుంచి తీసిన ముక్క. హెప్టా మన ‘సప్త’కు తోడబుట్టిన మాట. ఆరు పరమాణువుల వలయమైతే జీన్, ఏడైతే జెపీన్. ఒక్క ‘ఎప్’ చేరినందుకు బోదకాలు మందు ముగిసే తీరూ మూర్ఛ మందు ముగిసే తీరూ వేరైపోయాయి. విద్యార్థులకు దీన్ని ఒకసారి వలయాల బొమ్మ గీసి చూపిస్తే, ఆ తరువాత ఆ రెండు పేర్లనూ కలపడం నేను చూడలేదు.

జవాబు 3 (మందుల దుకాణంలో ఫార్మసిస్టు, న్యూజెర్సీ)

పెద్దలిద్దరూ చెప్పినదానికి ఒక చిన్న సవరణ, కొంత చేర్పు. ఆంగ్లంలో ఈ మాట పలికేవారు ఏడు ముక్కలే పలుకుతారు గాని వాటి రూపం కొంచెం వేరు: డై – ఎ – థిల్ – కార్ – బ్యామ్ – అ – జీన్. ఇక్కడ ఇథైల్‌ను ఎథిల్ అంటారు. బ్రిటన్ పద్ధతిలో ఈథైల్ అంటారు. మన కళాశాలల్లో వినబడేది బ్రిటన్ పద్ధతికి దగ్గర. రెండూ చెల్లుతాయి.

ఊనిక విషయంలో మాత్రం శ్రద్ధ అవసరం. తెలుగులో గురువులకూ లఘువులకూ పట్టే కాలంలోనే తేడా ఉంటుంది. ఆంగ్లంలో ఒక ముక్కను గట్టిగా ఊని, తక్కినవాటిని తేలికగా వదిలేస్తారు. ఈ మాటలో ఆ ఊనిక ‘బ్యామ్’ మీద పడుతుంది. కార్బమజెపీన్‌లో అది ఒక అడుగు ముందుకు జరిగి ‘మ్యాజ్’ మీద పడుతుంది: కార్ – బ – మ్యాజ్ – ఎ – పీన్. కనుక ఇక్కడ ఫోనులో ఎవరైనా ఆ పేరు చెబుతున్నప్పుడు, తోక వినబడకముందే ఊనికను బట్టి అది ఏ మందో పోల్చుకోవచ్చు. తెలుగు పద్ధతిలో సమానంగా పలికితే ఆ ఆనవాలు ఉండదు. అప్పుడు తోకను స్పష్టంగా పలకడం ఒక్కటే దారి. ఫార్మసిస్టు గారు వెనుక నుంచి నేర్పమన్నది ఎంత సరైనదో నాకు ఇక్కడికి వచ్చాకనే తెలిసింది.

ఏఎన్ఎం గారు ‘డైయిథైల్’ అన్నారని రాశారు. దాన్ని నేను తప్పు అనను. రెండు అచ్చులు పక్కపక్కన పడి సంధి జరగనప్పుడు మధ్యలో యకారం రావడం మన భాష స్వభావమే. యడాగమం గురించి తెలుగు ఉపాధ్యాయులకు నేను చెప్పనక్కరలేదు. మీరు మొదట పలికిన ‘డైథైల్’ మాత్రం సరికాదు, ఎందుకంటే అందులో ‘ఇ’ పూర్తిగా పోయింది, ఏడు ముక్కలు ఆరయ్యాయి.

చివరి ముక్కలోని జకారం గురించి కూడా చెప్పాలి. ఆంగ్లంలో అది పళ్ళ మధ్య గాలి రాసుకుంటూ వచ్చే ధ్వని. మన తాలవ్య జకారం కాదు, దంత్య ౙకారానికి దగ్గర. తెలుగు మాటల్లో ఇ, ఈ, ఎ, ఏ ముందు జకారం తాలవ్యంగానూ, అ, ఉ, ఒ వంటి వాటి ముందు దంత్యంగానూ పలకడం మనకు అలవాటు. అందుచేత మీరు డీఈసీతో పాటు ఇచ్చే ఆల్బెండజోల్‌లో ‘జో’ మన నోట దానంతట అదే దంత్యంగా సరిగ్గా వస్తుంది, ‘జీన్’లో మాత్రం తాలవ్యమై జీన్స్ ప్యాంటు పేరులా వినబడుతుంది. ఒకే తరగతిలో ఒకే పిల్లవాడు ఒక మందులో సరిగ్గా పలికి మరో మందులో పలకలేకపోతే, అది ఆ పిల్లవాడి లోపం కాదు. వచ్చినవారు దంత్యంగా పలికితే మంచిది. తాలవ్యంగా పలికినా మందు మారిపోదు.

ఇంకొకటి, ఇది నా మనసులో ఎప్పటి నుంచో ఉన్నది. ఈ మందు న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో, లెడర్లీ ప్రయోగశాలలో 1940లలో వెలువడింది. అప్పుడు అక్కడి పరిశోధనలకు నాయకత్వం వహించినది 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఇప్పుడు అమెరికాలో ఈ మందు మామూలు దుకాణాల్లో దొరకదు. అవసరమైన వైద్యులు ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రం నుంచే తెప్పించుకోవాలి. కనుక నా తోటి ఫార్మసిస్టులలో చాలామంది ఈ పేరు పలకవలసిన అవసరమే రాకుండా ఉద్యోగం చేస్తున్నారు. దీన్ని నోరారా పలకవలసినవారు మీ బడి పిల్లలే. ఇది పుట్టించిన బృందానికి పెద్ద గోదావరి సీమ మనిషేనని ఆ అమ్మాయికి చెప్పండి.

ప్రశ్న అడిగినవారి నుంచి

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మీరు చెప్పినదంతా కాగితం మీద రాసుకొని, సోమవారం ఎనిమిదో తరగతి తెలుగు పీరియడులోనే చెప్పాను. నల్లబల్ల మీద పై వరుసలో నోటి విరుపు, కింది వరుసలో అర్థపు విరుపు రాశాను. పై వరుసలో ‘మ’ ఒకే అక్షరంగా ఉండి, కింది వరుసలో ‘మ్’, ‘అ’ అని రెండుగా విడిపోవడం చూసి, వెనుక బెంచీలో కుర్రవాడు, “అయితే అతుకు అక్షరం లోపల ఉందాండీ?” అన్నాడు. వర్ణవిభజన గురించి నేను ఏళ్ళ తరబడి చెబుతున్నాను. ఇంత ఆసక్తిగా ఎవరూ వినలేదు.

గురులఘువులు కూడా గుర్తింపజేశాను. డై గురువు, ఇ లఘువు, థైల్ గురువు, కార్ గురువు, బ లఘువు, మ లఘువు, జీన్ గురువు. ర గణం, భ గణం, చివర ఒక గురువు వచ్చాయి. గణాలు తెలిశాక పిల్లలు ఆ మాటను చప్పట్లతో పలికారు, ఎవరూ ‘ఇ’ని వదలలేదు. న్యూజెర్సీ నుంచి రాసినవారు ఊనిక గురించి చెప్పినది వారికి ఇంకా కొత్తగానే ఉంది, దానికి మరో రోజు పెట్టుకుంటాను. ఆల్బెండజోల్‌ను నేను విరవలేదు. ఆల్ – బెన్ – డ – జోల్ అని వాళ్ళే విరిచి చెప్పారు.

సుబ్బారావు గారి ఊరు చెప్పగానే తరగతి ఒక్క క్షణం నిశ్శబ్దమైంది. భీమవరంలో మేనమామ ఇల్లు ఉన్న పిల్లలు నలుగురైదుగురు ఉన్నారు.

గోడపత్రిక మీద తప్పు దిద్దడానికి నాకు అధికారం లేదు గనుక, దాని కింద తెల్ల కాగితం అంటించి ‘డై ఇథైల్ కార్‌బమ జీన్’ అని పొల్లులతో, ఎడంగా రాయించాను.

ప్రశ్న అడిగిన అమ్మాయి గురించి రాసి ముగిస్తాను. మర్నాడు ఉదయం ఆమె గంట కొట్టకముందే స్టాఫు గదికి వచ్చింది. వాళ్ళ తాతగారు ఫిట్సుకు మాత్రలు వాడుతున్నారట. రాత్రి ఆయనకు మాత్ర ఇస్తూ పట్టీ వెనుక పేరు చదివిందట. మొదటి అక్షరాలు చూసి మన మందే అనుకొని, నేను చెప్పినట్టు చివరి నుంచి మళ్ళీ చదివిందట. నోటుపుస్తకంలో ఆ పేరు రాసుకొని తెచ్చి, చివరి ముక్క కింద గీత గీసి చూపించింది. “పీన్ అని ఉందండీ. ఇందులో వలయానికి ఏడు కదండీ?” అంది.